వేలిముద్ర వేయించే ముందు

అమ్మలూ,

సోమవారం నుంచి హౌస్ సర్జన్ డ్యూటీ అని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, అప్పట్నుంచి నీకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మందులూ డోసులూ ఎలాగూ నేర్చుకుంటావు. గవర్నమెంటు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసిన మేనత్తగా చెప్పేది ఒక్కటే, ఏ నిర్ణయమైనా ముందు మంచం మీదున్న మనిషిని అడుగు, పక్కన నిలబడ్డవాళ్లను తర్వాత అడుగు.

వార్డులో ఇది ఎంత కష్టమో వెళ్లాక తెలుస్తుంది. కన్సెంట్ ఫారాల కట్ట నీ చేతిలో పెట్టి పది నిమిషాల్లో సంతకాలు కావాలంటారు, పేషెంటు భర్తో కొడుకో "ఎక్కడ పెట్టాలమ్మా" అంటూ పెన్ను తీస్తాడు, నువ్వు వేలు పెట్టి చూపిస్తావు, పని అయిపోతుంది. అది కన్సెంట్ కాదు. సమీరా కోహ్లీ కేసు చదువు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మనిషికి లాపరోస్కోపీతో లోపల ఏముందో చూడటానికి మత్తిచ్చారు, ఆవిడ స్పృహలో లేనప్పుడు తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదనీ, వెంటనే చెయ్యకపోతే ప్రాణాపాయం అనే పరిస్థితి కానప్పుడు ఆవిడ మేలుకునేదాకా ఆగి ఆవిడనే అడగాల్సిందనీ 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

మన ఊళ్లలో అయితే తెల్లబట్ట అవుతోందని వచ్చిన ముప్పై ఐదేళ్ల ఆడమనిషికి "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి గర్భసంచి తీసేసినవి నేను కళ్లారా చూశాను. మందులతో తగ్గే అవకాశం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత మొదలవుతాయని అసలే చెప్పలేదు. అందుకే వేలిముద్ర వేయించే ముందు "నీకు ఏం చేయబోతున్నామో నాకు చెప్పమ్మా" అని ఆమెనే అడుగు. చెప్పలేకపోతే ఆమెకు అర్థం కాలేదని కాదు, నువ్వు సరిగ్గా చెప్పలేదని.

ఇంకోటి, నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది. ఒక పెద్దాయనకు కడుపులో క్యాన్సర్, బాగా ముదిరింది. కొడుకులిద్దరూ నన్ను వరండాలోకి తీసుకెళ్లి నాన్నకు చెప్పొద్దు మేడం, తట్టుకోలేడు అన్నారు. నేనూ సరేనని గ్యాస్ ట్రబుల్ అన్నాను. ఆయన ఆ మాట నమ్మి, పెళ్లప్పుడు కూతురికి రాసిస్తానన్న అరెకరం సంక్రాంతి తర్వాత చూద్దాంలే అని వాయిదా వేశాడు. సంక్రాంతి దాకా బతకలేదు. తర్వాత ఆయన భార్య వచ్చి "ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదమ్మా" అంది. ఆమెకు ఏం జవాబు చెప్పను?

అలాగని రిపోర్టు చదివి మొహాన కొట్టమని కాదు. కొందరికి నిజంగానే తెలుసుకోవాలని ఉండదు, అది వాళ్ల హక్కు. దానికీ వాళ్లనే అడగాలి, ఎవరూ లేనప్పుడు, స్టూలు లాక్కుని కూర్చుని: "రిపోర్టులు వచ్చాయి తాతా, అన్నీ నీకే చెప్పమంటావా, మీ అబ్బాయికి చెప్పమంటావా?" ఏమన్నాడో కేస్ షీట్‌లో ఆయన మాటల్లోనే రాసి పెట్టు.

సీనియర్లు తొందరపెడతారు, టెన్షన్ పడకు. వాదనకు దిగొద్దు. "పేషెంటుకు డౌట్ ఉంది సార్, మీరొక మాట చెప్తే బాగుంటుంది" అను, చాలామంది వచ్చి చెప్తారు. రాకపోతే సంతకం తీసుకోకుండా ఆగు. తిడితే ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్, ఎంత లేటైనా సరే.

మీ అత్త