రేకుతో బ్రేక్ డ్రమ్ నొక్కితే నిలుస్తుందా?

పాఠకుల ప్రశ్నలకు గుంటూరు ఆటోనగర్ లేత్ షాపు నుంచి జవాబులు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ప్రెస్ షాపు. లారీలకు మడ్‌గార్డులు, బ్యాటరీ పెట్టెలు, డీజిల్ ట్యాంకుల పట్టీలు చేస్తాం. 100 టన్నుల పవర్ ప్రెస్ ఉంది. ట్రాక్టర్ ట్రక్కులు కట్టే ఆయన ఒకరు వచ్చి, లోపలి వ్యాసం 250 మి.మీ., లోతు 70 మి.మీ. ఉండే బ్రేక్ డ్రమ్ములు 5 మి.మీ. రేకుతో నొక్కి ఇవ్వమంటున్నారు. పోత డ్రమ్ము కన్నా బరువు తక్కువ, ధరా తక్కువ అని ఆయన లెక్క. నమూనాగా రేకును గుండ్రంగా చుట్టి, అడుగున బిళ్ల వెల్డింగ్ చేసి, లేత్ మీద తిప్పించి ఒకటి తయారు చేశాం. అది మీకు పంపుతున్నాను. దీనికి డై, అంటే రేకును నొక్కే అచ్చు, చేయించమంటారా? ఆర్డరు పెద్దది, తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, నమూనా అందింది. డై చేయించొద్దు. షూ (బ్రేకు తొక్కితే విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకునే వంపు ముక్క) రాసుకునే ముఖమే రేకుతో ఉండే డ్రమ్మును ఏ బండికీ ఇవ్వొద్దు. ఆర్డరు వదులుకోవడం కష్టమని తెలుసు, అందుకే వద్దని ఊరుకోకుండా కారణాలు కూడా వివరంగా రాస్తున్నాను.

మీ నమూనాను లేత్ చక్‌లో (ముక్కను పట్టుకుని తిప్పే దవడల్లో) బిగించి, లోపలి ముఖానికి ఎగుడుదిగుళ్లు ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పాను. చాలా భాగం ముల్లు బాగానే నడిచింది. వెల్డింగ్ అతుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారి ఎగిరి పడింది. లేత్ మీద తిప్పించినా ఎందుకలా ఉందంటే, అతుకు దగ్గర లోహం పక్కనున్న రేకు కన్నా గట్టిపడింది. అక్కడ టూల్ కొద్దిగా పైకి లేచి, దాటాక మళ్లీ దిగింది. షూ కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ ఇలాగే తన్నుకుంటుంది. తర్వాత గ్యాస్ టార్చితో అంచును చుట్టూ సమంగా వేడి చేసి మళ్లీ కొలిచాను. అడుగు దగ్గర కొలత కొంచెమే పెరిగింది. అక్కడ బిళ్ల పట్టి ఉంచుతోంది కదా. మూతి దగ్గర మాత్రం బాగా విచ్చుకుంది. అలా విచ్చుకున్న డ్రమ్ములో షూ వెడల్పంతా ఆనదు, లోపలి అంచు ఒక్కటే ఆనుతుంది. పోత డ్రమ్ముకు మూతి చుట్టూ బయటివైపు మందంగా ఒక కట్టు ఉంటుంది, చూసే ఉంటారు. అది అందం కోసం పెట్టింది కాదు, ఈ విచ్చుకోవడాన్ని ఆపడానికే పెట్టింది.

చూడ్డానికి డ్రమ్ము ఒక గిన్నెలా ఉంటుంది కాబట్టి, గిన్నె నొక్కే ప్రెస్‌లో డ్రమ్మూ వస్తుందనిపిస్తుంది. కానీ డ్రమ్ము చేసే అసలు పని బండి వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని తనలో దాచుకుని, మెల్లగా గాలికి వదలడం. దాచుకోవాలంటే లోహం బరువు ఉండాలి. మీ ట్రక్కు లెక్కే చూద్దాం. సరుకుతో కలిపి 6 టన్నులు, వేగం గంటకు 30 కి.మీ. అనుకుందాం. మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకు వచ్చే ట్రక్కులకు ఇదేమీ పెద్ద బరువు కాదు. దాన్ని పూర్తిగా ఆపితే పుట్టే శక్తి సుమారు 208 కిలోజౌళ్లు. ట్రాక్టరు బ్రేకుల్ని పక్కన పెట్టి, ఇదంతా ట్రక్కుకున్న రెండు డ్రమ్ముల మీదే పడిందనుకుంటే ఒక్కోదానికి 104. మీ డ్రమ్ములో షూ రాసుకునే పట్టీ వెడల్పు 60 మి.మీ., మందం 5 మి.మీ. దాని బరువు రెండు కిలోలు కూడా రాదు. ఒక్కసారి ఆపితే చాలు, ఆ పట్టీ ఇంచుమించు 115 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే వ్యాసానికి 12 మి.మీ. మందం పోత డ్రమ్ము అయితే పట్టీ బరువు నాలుగు కిలోలు దాటుతుంది, వేడి 50 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇది ఒక్క బ్రేకుకే. ట్రాఫిక్‌లో వరసగా నాలుగుసార్లు తొక్కారనుకోండి, మధ్యలో కొంత చల్లారినా మీ డ్రమ్ము ఎక్కడికి చేరుతుందో మీరే ఊహించండి. ఉక్కు 200 డిగ్రీలు వేడెక్కితే 250 మి.మీ. వ్యాసం సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది. డ్రమ్ము షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి దిగుతుంది. ఈలోగా షూ మీద అతికించిన రాపిడి పొర, అంటే లైనింగ్‌లోని రెజిన్ (బంక) కాలి పట్టు పోతుంది. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కినా బండి ఆగదు.

మరి 5 బదులు 12 మి.మీ. ప్లేటే వాడితే అని అడుగుతారు. బరువు సమస్య తీరుతుంది, లోహం సమస్య తీరదు. డ్రమ్ములకు వాడే గ్రే కాస్ట్ ఐరన్‌లో సుమారు 3 నుంచి 3.5 శాతం కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ పొరలుగా లోహమంతా పరచుకుని ఉంటుంది. లైనింగ్ రాసుకుంటున్నప్పుడు ఆ గ్రాఫైట్ ముఖాన్ని చెక్కుకుపోకుండా కాపాడుతుంది, కీచుమనే కంపనాన్ని కూడా మింగేస్తుంది. ప్రెస్‌లో బాగా సాగే రేకులో కార్బన్ 0.1 శాతం ఉంటే ఎక్కువ. అది మెత్తన. లైనింగ్ కింద దాని ముఖం చిన్న చిన్న తునకలుగా లేస్తుంది. ఆ తునకలు వెళ్లి లైనింగ్‌లోనే గుచ్చుకుని, అక్కడి నుంచి డ్రమ్మును గాళ్లు పడేలా గీస్తాయి. దానికి తోడు అరుపు. మోటారు కార్ల తొలి రోజుల్లో నొక్కిన ఉక్కు డ్రమ్ములు చాలా బళ్లకు ఉండేవి. ఆ అరుపు తగ్గించడానికి డ్రమ్ము చుట్టూ స్ప్రింగు చుట్టిన కార్లు కూడా ఉన్నాయి.

అయితే రేకుకు డ్రమ్ములో చోటే లేదని కాదు. 1930లలో అమెరికాలో ఒక మంచి పద్ధతి వాడుకలోకి వచ్చింది. ముందు ఉక్కు రేకును నొక్కి చిప్ప చేస్తారు. దాన్ని బాగా వేడి చేసి, గిరగిరా తిప్పుతూ లోపల కరిగిన పోత ఇనుము పోస్తారు. తిరిగే వేగానికి ఆ ఇనుము చిప్ప లోపలి గోడకు సమంగా పరచుకుని, ఉక్కుతో కలిసిపోయి గడ్డకడుతుంది. బయట ఉక్కు బలం, లోపల పోత ఇనుము ముఖం. చిన్న కార్లకు ఇంకో రకం ఉంది. హబ్‌కు బిగించే బిళ్ల మాత్రం నొక్కిన ఉక్కు, దాని అంచు చుట్టూ పోత ఇనుము రింగు పోస్తారు. మన బైకు వెనక చక్రం హబ్ చూడండి. బయట అల్యూమినియం, లోపల షూ తగిలే చోట ఇనుప రింగు. చేసే తీరు వేరైనా, షూ తగిలే ముఖం ఇన్నిట్లోనూ పోత ఇనుమే.

ఆ ఉక్కు చిప్ప నొక్కాలన్నా మీ ప్రెస్ చాలదు. 250 వ్యాసం, 70 లోతుకు బిళ్ల సుమారు 364 మి.మీ. వ్యాసంలో కోయాలి. 5 మి.మీ. రేకులో ఆ బిళ్లను ఒక్క దెబ్బకు కోయడానికే 160 టన్నుల దాకా పడుతుంది. సరే, లేజర్ మీద కోయించారనుకుందాం. లాగడానికి వంద టన్నుల పైన, బిళ్ల అంచు ముడతలు పడకుండా అదిమి పట్టడానికి మరికొంత కావాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పవర్ ప్రెస్ మీద రాసి ఉన్న 100 టన్నులు స్ట్రోకు అడుగుకు వచ్చినప్పుడే దొరుకుతాయి. మీ పంచ్ (రేకును డైలోకి నొక్కే పై ముక్క) రేకును అడుగుకు 70 మి.మీ. పైనే తాకుతుంది. అక్కడ అంత బలం ఉండదు, క్రాంక్ మీద, క్లచ్ మీద దెబ్బ పడుతుంది. ఈ పనికి 200 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్, ఐఎస్ 1079 అనే భారతీయ ప్రమాణంలో డీప్ డ్రాయింగ్‌కు (లోతుగా లాగి నొక్కే పనికి) చెప్పిన గ్రేడు రేకు ఉండాలి. అన్నీ కుదిరినా, అడుగూ గోడా కలిసే వంపు దగ్గర రేకు పలచబడుతుంది. చక్రం స్టడ్‌ల నుంచి వచ్చే బలమంతా దాటేది ఆ వంపునే. నొక్కాక లోపల మిగిలిపోయే ఒత్తిడి ఇంకో తలనొప్పి. లేత్ మీద గుండ్రంగా తిప్పిన ముక్క చక్ విప్పగానే కోలగా మారుతుంది. 600 నుంచి 650 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, మెల్లగా చల్లార్చి, అప్పుడు ఫినిషింగ్ చేయాలి.

రేకు చిప్పలో పోత రింగు దూర్చి వెల్డింగ్ చేస్తే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. వినొద్దు. పోత ఇనుము వెల్డింగ్ పక్కనే పెళుసెక్కి చీలుతుంది. బిగుతుగా దూర్చి వదిలేసినా, రెండిటి మధ్య వెంట్రుక వాసి ఖాళీ మిగిలితే చాలు, వేడి బయటి ఉక్కుకు సరిగా దాటదు, రింగు ఒక్కటే కాగుతుంది.

చట్టం కూడా చూసుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది బ్రేకుల గురించే. బండి బ్రేకులు ఎంత దూరంలో ఆపాలో దానికి లెక్కలున్నాయి, పరీక్షలు చేసే పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థలూ ఉన్నాయి. పరీక్షకు నిలవని డ్రమ్ము రేపు ప్రమాదానికి కారణమైతే, నొక్కి ఇచ్చింది మీరే అవుతారు.

ఆ ట్రక్కుల ఆయనతో ఇలా మాట్లాడండి. డ్రమ్ములు ఫౌండ్రీలో గ్రే కాస్ట్ ఐరన్ రకాలైన ఎఫ్‌జీ 220 గాని, 260 గాని గ్రేడు చెప్పి పోయించమనండి. బ్రేకులో మిగతా రేకు పని మీరు అడగండి. షూలు, దుమ్ము మూత, బ్యాక్ ప్లేటు అన్నీ రేకువే. ముఖ్యంగా షూ పని మీ ప్రెస్‌కు బాగా సరిపోతుంది. వంపు తిరిగిన పట్టీ ఒకటి, దానికి నిలువుగా అతికే రెక్క ఒకటి. పట్టీ వంపు డ్రమ్ము కొలతకు సరిగ్గా రావాలి, రెక్క పట్టీకి నిటారుగా ఉండాలి, లేకపోతే లైనింగ్ ఓ పక్కే అరుగుతుంది. అతుకు బలాన్ని ప్రతి బ్యాచ్‌లో ఒకటి రెండు షూలు విరగ్గొట్టి చూసుకోండి. జిగ్గు (ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే బిగింపు) ఒకసారి బాగా కుదిరిందంటే ఆ ఒక్క ట్రక్కుల ఆయనకే కాదు, చుట్టుపక్కల బ్రేకు షాపులన్నిటికీ ఇవ్వొచ్చు. కావాలంటే జిగ్గు డ్రాయింగు పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.

ప్రశ్న: అయ్యా, శ్రీశైలం ఘాట్ దిగాక మా లారీ డ్రైవరు డ్రమ్ముల మీద నీళ్లు కొట్టి చల్లారుస్తాడు. ఇప్పుడు విప్పి చూస్తే లోపల సన్నటి బీటలు, నీలం మచ్చలు. టర్నింగ్ చేయిస్తే సరిపోతుందా?
– లారీ యజమాని, విజయవాడ

జవాబు: నీళ్లు కొట్టడం ఈరోజే ఆపించండి. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద నీళ్లు పడితే పైపొర ఒక్కసారిగా బిగుసుకుని చీలుతుంది. ఆ మచ్చలు బాగా కాగి, చప్పున చల్లారిన చోట్లు. అక్కడ ఇనుము గాజులా గట్టిపడి ఉంటుంది. లేత్ మీద పెడితే టూల్ కీచుమని అరిచి మచ్చ మీదుగా జారిపోతుంది, చుట్టూ తరిగి మచ్చ గుట్టలా మిగులుతుంది. దాన్ని గ్రైండింగ్‌తోనే తీయాలి. బీటలు పైపైన, పొట్టిగా ఉంటే తిప్పాక పోవచ్చు. ఒక్కటైనా మూతి అంచు దాకా పాకినా, బయటికి కనిపించినా డ్రమ్మును తుక్కులో వేయండి. దానికి వెల్డింగ్ పెట్టమని అడిగితే నేనైతే పెట్టను. తిప్పించినా, డ్రమ్ము మీద పోతలోనే వేసి ఉన్న గరిష్ఠ వ్యాసం దాటనివ్వద్దు. డ్రైవరును కోప్పడకుండా, ఘాట్ ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగమని, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వాడమని చెప్పండి. అప్పుడు నీళ్లు కొట్టాల్సిన అవసరమే రాదు.

ప్రశ్న: పాత కారుకు వెనక ఎడమ డ్రమ్ము ఒక్కటి కొత్తది వేయించాను. అప్పటి నుంచి బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది. మెకానిక్కు అలైన్‌మెంట్ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టే ముందు రెండు డ్రమ్ములూ విప్పించి లోపలి వ్యాసం కొలిపించండి. ఒకే యాక్సిల్ మీద రెండూ దాదాపు ఒకే కొలతలో ఉండాలి. కుడివైపుది ఇంతకుముందు తిప్పించి పెద్దదైతే, కొత్త లైనింగ్ దాని మధ్యలో మాత్రమే ఆనుతుంది, కొసలు తగలవు. రెండో డ్రమ్ము కూడా కొత్తది వేయడం మేలు. అది కుదరకపోతే ఆ డ్రమ్ము వంపుకు సరిపోయేలా షూలను గ్రైండింగ్ చేయించాలి. లైనింగ్ మీద సుద్దముక్క రాసి, షూను డ్రమ్ములో ఆనించి కొద్దిగా కదిపి చూడమనండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే ఆనుతున్నట్టు. షూలను నెట్టే వీల్ సిలిండర్ కారుతోందేమో కూడా అప్పుడే చూసేయమనండి, నూనె తగిలిన లైనింగ్ కూడా బండిని ఇలాగే లాగుతుంది.