పైఅంతస్తు కుర్చీ చప్పుడు, నాలుగు నెలల మౌనం

ప్రశ్న: మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సరిగ్గా మా పైన ఉన్నవాళ్ళు రాత్రి పదిన్నర దాటాక కుర్చీలు ఈడుస్తారు. వాళ్ళ పిల్లాడు గదులన్నీ పరుగెడతాడు. మా అత్తగారికి నిద్ర ఉండదు. రెండుసార్లు మంచిగా చెప్పాం. మూడోసారి మావారు చీపురుకర్రతో సీలింగ్ మీద కొట్టారు. ఇంకోరోజు నేను కోపం పట్టలేక ఆ చప్పుడు రికార్డు చేసి అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. నాలుగు నెలలుగా మాటల్లేవు. లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకుంటూ నిలబడతాం. ఇరుగుపొరుగు తగాదాలకు మధ్యవర్తిత్వం చేసే వాలంటీర్లు ఫోన్ చేసి, కూర్చుని మాట్లాడుకుందాం రమ్మంటున్నారు. ‘తప్పు వాళ్ళదైతే మనమెందుకు వెళ్ళాలి? ఇదేమన్నా పంచాయితీనా?’ అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళండి. ఇలాంటి చోట్ల ముందు ఒక్కో పక్షంతో విడివిడిగా మాట్లాడతారు. ఆ విడత మాటలకు మీవారు రాకపోతే మీరొక్కరే వెళ్ళండి. ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చాకే కదులుదాం అనుకుంటే మరో నాలుగు నెలలు గడిచిపోతాయి.

మీవారి అనుమానం అర్థమైంది. పంచాయితీ అనగానే నలుగురి ముందు నిలబెట్టి, తప్పెవరిదో తేల్చి, ఒకరి చేత తలొంచించడమే గుర్తొస్తుంది మనకి. ఇక్కడ పిలుస్తున్నది దానికి కాదు. మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం లేదు. మీకు నచ్చని ఒప్పందం మీ మీద రుద్దలేరు, మధ్యలో లేచి వచ్చేయనూ వచ్చు. ఇదేమీ నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన కాదు. శిక్షణ తీసుకున్న మామూలు మనుషులే ఇరుగుపొరుగు గొడవల్లో కూర్చోవడం శాన్‌ఫ్రాన్సిస్కోలో 1970ల నుంచే ఉంది. సింగపూర్‌లో ఇందుకోసం 1997లో ఒక చట్టమే చేసి, మరుసటి ఏడాది కేంద్రం తెరిచారు. మన దేశంలో 2023లో చేసిన మధ్యవర్తిత్వ చట్టంలోనూ ఇలాంటి ఇరుగుపొరుగు తగాదాలకు పనికొచ్చే సామూహిక మధ్యవర్తిత్వానికి (కమ్యూనిటీ మీడియేషన్) ఒక అధ్యాయం ఉంది. అందులో ముగ్గురు మధ్యవర్తులు ఉండాలని, ముందుగా రెండు పక్షాలూ ఒప్పుకోవాలని రాశారు. అలా కుదిరిన ఒప్పందం కోర్టు తీర్పులాగా అమలుకాదని కూడా అందులోనే ఉంది. అంటే దాన్ని నిలబెట్టేది మీ రెండిళ్ళ ఇష్టమే. అందుకే అక్కడ ఎవరు గెలిచారన్నదానికి పెద్ద విలువ లేదు. ఓడిపోయానని కుమిలే మనిషి ఒప్పందం ఎన్నాళ్ళు పాటిస్తాడు చెప్పండి?

ఇప్పుడు కాస్త ఇబ్బందిపెట్టే మాట. మీ ఉత్తరంలో చప్పుడు గురించి చెప్పింది రెండు వాక్యాలు. మిగతాదంతా చీపురుకర్ర, వాట్సాప్, లిఫ్టు. నన్నడిగితే గొడవ ఎప్పుడో కుర్చీని దాటి పోయింది. వాళ్ళవైపు నుంచి చూడండి: ఇంట్లో పిల్లాడు ఆడుకుంటుంటే కాళ్ళకింద నేల ఠపఠపమంది. ఆ తర్వాత తమ ఇంటి చప్పుడు అందరి ఫోన్లలో మోగింది. మీ అత్తగారి నిద్ర సంగతి వాళ్ళకి అసలు తెలుసా? ‘చప్పుడు తగ్గించండి’ అన్నారా, లేక ‘మా ఇంట్లో పెద్దావిడ రాత్రంతా కూర్చునే ఉంటున్నారు’ అన్నారా? మొదటిది ఫిర్యాదులా వినిపిస్తుంది. రెండోది వింటే కుర్చీ జరపబోయే చెయ్యి కాస్త ఆగుతుంది.

ఇంకో సంగతి. నేల మీద పడే దెబ్బ స్లాబులోంచి పక్కలకీ పాకుతుంది. సరిగ్గా నెత్తిమీదే అనిపించిన చప్పుడు ఒక్కోసారి పక్క ఫ్లాట్‌ది అవుతుంది. పైగా కుర్చీ జరిపేవాళ్ళకి అది చిన్న కిర్రుమనే శబ్దం, కింద పడుకున్నవాళ్ళకి గుండె అదిరే మోత. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరికీ ఎదుటివాళ్ళు అబద్ధాలకోరుల్లా కనిపిస్తారు. నేను మధ్యవర్తిగా కూర్చున్న ఒక తగాదాలో ఇదే జరిగింది. చివరికి పైఇంటావిడను కిందకి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. పైన వాళ్ళబ్బాయి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒక్కటి లాగాడు. ఆవిడ ఉలిక్కిపడి సీలింగ్ వైపు చూసి, ‘ఇది మా కుర్చీయేనా?’ అంది. అప్పటికి రెండు గంటలుగా మేం మాట్లాడిన మాటలన్నీ ఒక ఎత్తు, ఆ కుర్చీ ఒక ఎత్తు. మీరూ ఇలా చేయొచ్చా అని మధ్యవర్తిని అడగండి.

రికార్డింగులు మాత్రం తీసుకెళ్ళకండి. అక్కడ రుజువులతో పనిలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అడ్డుపడాలని నోరు దురదపెడుతుంది. ఒక కాగితం దగ్గర పెట్టుకుని రాసుకోండి, మీ వంతు వచ్చాక చెబుదురుగాని. అందరి ముందు చెప్పలేనిది ఉంటే మధ్యవర్తితో విడిగా మాట్లాడతానని అడగొచ్చు. అక్కడి మాటలు బయటకు పొక్కనివ్వరు. ఎక్కడ మినహాయింపు ఉంటుందో మాత్రం మొదలుపెట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి. గ్రూపులో పెట్టిన రికార్డింగుకి సారీ చెప్పాలనుకుంటే వాళ్ళు అడిగేదాకా ఆగకండి. చప్పుడు గురించి మీ ఫిర్యాదు దానివల్ల తగ్గదు.

ఒప్పందం రాసేటప్పుడు ‘పరస్పరం సహకరించుకుంటాం’ అన్న వాక్యం కనబడితే కొట్టేయమనండి. దాన్ని ఎవరూ పాటించలేరు, ఎవరూ తప్పలేరు కూడా. కుర్చీ కాళ్ళకి మెత్తటి ఫెల్ట్ గుడ్డ ముక్కలు ఎవరు అతికిస్తారు, ఎన్ని రోజుల్లో? రాత్రి ఎన్నింటి తర్వాత పరుగులు ఆగాలి? చుట్టాలొచ్చి ఆలస్యమయ్యే రోజు ముందుగా ఎవరికి మెసేజ్ పెట్టాలి? చప్పుడైతే మీరు ఏ నంబరుకి ఫోన్ చేయాలి? (గ్రూపుకి కాదు, సీలింగ్‌కీ కాదు.) నెల తర్వాత మళ్ళీ కూర్చునే తేదీ కూడా అందులోనే వేయించండి. చిన్న పిల్లాడు నూరు శాతం నడిచే తిరగడు, ఆ మాత్రం మీరు వదులుకోవాలి.

ఒక్కటి. వాళ్ళు బెదిరించడం, చెయ్యి ఎత్తడం లాంటివి జరిగి, మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసి ఉంటే ఇప్పటిదాకా నేను చెప్పింది పక్కన పెట్టండి. భయపడుతూ కూర్చున్న మనిషి ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. అలాంటప్పుడు వెళ్ళాల్సింది పోలీసుల దగ్గరికి, లేదా వకీలు దగ్గరికి.

అలాంటిదేమీ లేకపోతే ఆ వాలంటీర్‌కి రేపే ఫోన్ చేయండి. అత్తగారిని కూడా తీసుకురావచ్చా అని అడగండి. ఆవిడ తన నిద్ర గురించి తన నోటితో చెబితే మీరు, మీవారు పెద్దగా వాదించాల్సిన పని ఉండకపోవచ్చు.