సింగపూర్‌లో మా అబ్బాయికి రోజూ తలనొప్పి, నీరసం.. విటమిన్ డి మాత్రలు వేయాలా?

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట హైదరాబాద్ నుంచి సింగపూర్ వచ్చాం. మా బాబుకు 15 ఏళ్లు, సెకండరీ త్రీ (మన తొమ్మిదో తరగతి లాంటిది) చదువుతున్నాడు. మేం శాకాహారులం. రోజూ మూడు, నాలుగు గంటలకు తలనొప్పితో ఇంటికొచ్చి, బ్యాగు కూడా తీయకుండా పడుకుంటాడు. ఫుట్‌బాల్ ప్రాక్టీసులో రెండుసార్లు కళ్లు తిరిగాయి. మెడ మీద, వీపు మీద చెమటకాయలు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.6, విటమిన్ డి 16 వచ్చాయి. థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్రలు పంపి, రోజుకొకటి వేయమంది. మొదలుపెట్టమంటారా? మే నెలలో 42 డిగ్రీల ఎండలో క్రికెట్ ఆడినవాడు ఇక్కడి 32 డిగ్రీలకే ఎందుకు ఇలా అయిపోతున్నాడు? 2021లో వాడికి డెంగీ వచ్చింది. పగలంతా ముభావంగా ఉంటాడు, రాత్రి మాత్రం తలుపు వేసుకుని హైదరాబాద్ ఫ్రెండ్స్‌తో గేమ్ ఆడుతూ నవ్వుతుంటాడు.
- ఒక తల్లి, సింగపూర్

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. రోజుకొకటి వద్దే వద్దు. ఈ వయసు పిల్లలకు రోజుకు కావాల్సింది 600 యూనిట్లు. అంటే ఆ ఒక్క మాత్ర వంద రోజుల కోటా. లోపం ఉన్నప్పుడు దాన్ని వారానికో, రెండు వారాలకో ఒకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే, అదీ డాక్టర్ రాసిస్తేనే వాడతాం. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ‘విటమినే కదా’ అని రెండు నెలలు మింగి, వాంతులతో మా దగ్గరకొచ్చిన పెద్దవాళ్లే ఉన్నారు. 16 తక్కువే, కాదనను. రిపోర్టు పట్టుకుని అక్కడి డాక్టర్‌కు చూపించి డోసు రాయించుకోండి. కానీ విటమిన్ డి తగ్గితే రోజూ సరిగ్గా నాలుగింటికి తలనొప్పి రాదు.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది చివరి వాక్యం. మీరు పోతూ పోతూ రాసినట్టున్నారు.

సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మీ వాడి స్నేహితులు హైదరాబాద్‌లో ట్యూషన్లు, భోజనాలు అయ్యి ఫోన్ పట్టుకునేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. అప్పటికి మీ దగ్గర అర్ధరాత్రి దాటుతోంది. వాళ్లు గంటసేపు ఆడి పదకొండింటికి పడుకుంటారు, అది మీ ఇంట్లో ఒకటిన్నర. అక్కడ బడులు ఏడున్నరకే మొదలవుతాయి కాబట్టి మీ వాడు ఏ ఐదూముప్పావుకో లేవాలి. అప్పుడు హైదరాబాద్‌లో టైమ్ తెల్లవారుజామున మూడుంపావు! ఎనిమిది నెలలుగా వాడు నిద్రపోయేది హైదరాబాద్ టైమ్‌కి, లేచేది సింగపూర్ టైమ్‌కి. నా లెక్క తప్పో ఒప్పో ఒక వారం చూసి రాసుకోండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీ వాడికి దక్కుతున్నది నాలుగు, నాలుగున్నర.

దీనికి ఇంకో రెండు తోడయ్యాయి. టీనేజ్‌లో నిద్ర హార్మోన్ మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోమంటే నిద్ర రాదని వాళ్లు చెప్పేది ఎప్పుడూ అబద్ధం కాదు. రెండోది, అక్కడ ఏడాది పొడవునా సూర్యుడు కాస్త అటూ ఇటూగా ఏడింటికి ఉదయిస్తాడు. దేశం ఉన్నచోటును బట్టి చూస్తే గడియారం ఇంకో గంట వెనక్కి ఉండాలి. అప్పటికే అరగంట ముందున్న గడియారాన్ని 1982 జనవరి 1న ఇంకో అరగంట ముందుకు జరిపి ఇప్పుడున్న టైమ్ పెట్టుకున్నారు. అందుకే పిల్లలు చీకట్లో లేచి, చీకట్లోనే బస్సు ఎక్కుతారు. శరీరంలోని గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురే. అది వాడి కంట పడేలోపు మొదటి పీరియడ్ మొదలవుతుంది. బడి నుంచి రాగానే మూడు గంటలు నిద్రపోతే, రాత్రికి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా చదివి ఫోన్ లాక్కోకండి. నా మాట వినండి. కొత్త దేశంలో ఎనిమిది నెలలకే పిల్లవాడికి రోజుకో గంట నవ్వు దొరుకుతోందంటే అది ఆ ఫోన్‌లోనే. దాని టైమ్ మార్చండి, చాలు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మీ దగ్గర మొదలుపెడితే హైదరాబాద్‌లో ఏడు. ఆదివారం సాయంత్రం నాలుగంటే అక్కడ ఒకటిన్నర, భోజనాలై అందరూ ఖాళీగా ఉంటారు. బడి ఉన్న రోజుల్లో మాత్రం పదిన్నరకు ఫోన్ హాల్లో చార్జింగ్‌కు పెట్టాలి. మీది, మీవారిది కూడా అక్కడే పెట్టండి, లేకపోతే వాడు ఊరుకోడు. పడుకునే టైమ్‌ను ఒక్కసారిగా లాగకుండా రెండు, మూడు రోజులకోసారి పదిహేను నిమిషాలు తొందరగా అయ్యేలా జరపండి. పగటి కునుకు అరగంట దాటకూడదు. ఆదివారం పొద్దున పన్నెండింటి దాకా పడుకోనివ్వకండి, ఎనిమిదిన్నరకల్లా లేపి ఎండలోకి తీసుకెళ్లండి. ఆ ఎండ కళ్లకూ మంచిదే. సింగపూర్ పిల్లల్లో దూరంలోవి సరిగ్గా కనిపించని సమస్య (మయోపియా) బాగా ఎక్కువ. తలనొప్పి ఉంది కాబట్టి ఒకసారి కళ్లద్దాల పరీక్ష చేయించండి.

ఇక ఎండ విషయం. 42 డిగ్రీల హైదరాబాద్‌కు, 32 డిగ్రీల సింగపూర్‌కు తేడా చెమటలో ఉంది. మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే గానీ ఆరదు. చొక్కా తడుస్తుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. ఎనిమిది నెలలైనా అలవాటు కాలేదా అంటారేమో. శరీరం వేడికి అలవాటుపడటానికి వారం, రెండు వారాలు చాలు, కానీ ఆ వేడిలో ఉంటేనే. ఇల్లు ఏసీ, బస్సు ఏసీ, మాల్ ఏసీ. వారంలో రెండు రోజులు మాత్రం గ్రౌండ్‌లో పరుగు. దీంతో అలవాటెలా అవుతుంది? రాత్రి ఏసీ 25 దగ్గర పెట్టి ఫ్యాన్ వేయండి. సాయంత్రం ఏడు తర్వాత వాడితో కలిసి అరగంట నడవండి. ప్రాక్టీసు రోజున అక్కడి ప్రభుత్వ యాప్ మైఎన్వ్ (myENV)లో హీట్ స్ట్రెస్, అంటే ఒంటి మీద వేడి ఒత్తిడి, ఎంత చూపిస్తోందో చూసుకోవచ్చు. ‘హై’ అని ఉంటే ఆ రోజు తగ్గించుకోమని కోచ్‌ను అడగడంలో తప్పు లేదు.

ఒక చిన్న పని చేయండి. వాడు బడి నుంచి రాగానే నీళ్ల సీసా ఎత్తి చూడండి. నా అనుభవంలో ముప్పావు సీసా అలాగే తిరిగొస్తుంది. క్లాసు మధ్యలో బాత్రూమ్‌కు లేవాలంటే మొహమాటపడి పిల్లలు నీళ్లు తాగరు, అందులోనూ కొత్త బడి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదనే. పొద్దున ఏమీ తినకుండా వెళ్లి, నీళ్లు తాగక, నాలుగు గంటల నిద్రతో రోజంతా గడిపితే నాకైనా నాలుగింటికి తలనొప్పి వస్తుంది. ఆరింటికి ఇడ్లీ దిగదంటే ఒక అరటిపండు, గ్లాసు పాలు, నాలుగు వేరుశనగ ఉండలు. టైమ్ లేదని వదిలేయకండి.

ప్రాక్టీసు తర్వాత పిల్లలంతా బబుల్ టీ అనే తియ్యటి పానీయానికి పోతారు, వీడు మాత్రం ఎందుకు ఆగుతాడు? అక్కడి షాపుల బోర్డుల మీద ఎ, బి, సి, డి గ్రేడ్లు ఉంటాయి. వంద మిల్లీలీటర్లలో పది గ్రాములు దాటి చక్కెర ఉంటే అది డి. వారానికి ఒకటి తాగనివ్వండి, మిగతా రోజుల్లో మంచినీళ్లు. హాకర్ సెంటర్‌లో (చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోటు) టీ తాగితే చక్కెర తక్కువకు ‘సియూ దై’, అసలు వద్దంటే ‘కోసాంగ్’ అంటే చాలు. కానీ భోజనంతో పాటు టీ వద్దు, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. 15 ఏళ్ల అబ్బాయికి హిమోగ్లోబిన్ 13 ఉండాలి, మీ వాడిది కాస్త తక్కువ. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, అది చూడకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టవద్దు. మార్కెట్లో ‘బయమ్’ అని అమ్మేది మన తోటకూరే. పప్పులో వేసి నిమ్మకాయ పిండండి. సోయాతో చేసే టోఫు, టెంపే కూడా శాకాహారమే, మన కారంతో వేయిస్తే పిల్లలు బాగానే తింటారు.

చెమటకాయలకు చల్లటి స్నానం, వదులైన నూలు బనియను, ప్రాక్టీసు కాగానే చొక్కా మార్చుకోవడం చాలు. కొబ్బరినూనె రాయకండి, చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. ఇక్కడి మందుల షాపులో కొనుక్కెళ్లిన ‘దురదకు ట్యూబు’ ఏదైనా ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మూడు రోజులు మాయమైనట్టుండి, కింద తామర ఉంటే ముదిరిపోతుంది.

డెంగీ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ అది చిన్న విషయం కాదు. ఆ వైరస్ నాలుగు రకాలు. ఒకసారి వచ్చాక వేరే రకం సోకితే తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ. సింగపూర్‌లో అది ఏడాది పొడవునా ఉంటుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి, 2021 సంగతి క్లినిక్‌లో మొదటి మాటగానే చెప్పండి. జ్వరం తగ్గిన రోజునే జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ మత్తుగా ఉండటం కనిపిస్తే నేరుగా ఆస్పత్రికే. తులసి కుండీ కింద పళ్లెం ఉందా? రోజూ నీళ్లు పారబోయండి. దోమ పిల్లలు కనిపిస్తే అక్కడ జరిమానా కూడా వేస్తారు.

ప్రాక్టీసులో కళ్లు తిరగడమే కాక తికమకగా మాట్లాడినా, పడిపోయినా ఆలోచించకుండా 995కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు నీళ్లు పోసి ఒళ్లు చల్లబరచాలి. తలనొప్పి నిద్రలోంచి లేపుతున్నా, పొద్దున్నే వాంతులవుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. పరుగెత్తేటప్పుడే స్పృహ తప్పితే ఈసీజీ చూడందే మళ్లీ గ్రౌండ్‌కు పంపకండి.

ముభావంగా ఉన్నాడన్నారు. నిద్ర సరిపడాక కూడా రెండు వారాలకు మించి అలాగే ఉంటే, ఇష్టమైన ఆట కూడా మానేస్తే స్కూల్ కౌన్సిలర్‌ను కలవండి. ఈలోపు ఒక్కటి అడిగి చూడండి, ‘ఈ రోజు లంచ్ ఎవరితో తిన్నావు?’ అని. మార్కుల గురించి కాదు. నెల రోజులు ఇలా చేసి, తలనొప్పి వచ్చిన రోజులు, పడుకున్న టైమ్, లేచిన టైమ్ ఒక కాగితం మీద రాసిపెట్టి, ఫెరిటిన్ రిపోర్టుతో పాటు నాకు పంపండి.