ఒంగోలు వ్యాపార మాసపత్రికకు ఏమి రాయాలి, ఎలా రాయాలి?

మీరు చీమకుర్తి ప్రాంతంలోని గ్రానైట్ పలకల కోత యూనిట్‌లో లెక్కలు చూస్తున్నారనీ, జిల్లాలోని చిన్న వ్యాపారుల కోసం వెలువడే మాసపత్రికవారు వ్యాసం అడిగారనీ, ఏ విషయం ఎంచుకోవాలో, దానివల్ల మీ యూనిట్‌కు ప్రచారం దక్కుతుందో లేదో, పారితోషికం సంగతి ఎలా కదపాలో తెలియడం లేదనీ రాశారు. నేను ఒంగోలులో జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పనిలో ఉంటూ అటువంటి పత్రికకే కొన్నేళ్లుగా రాస్తున్నాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మన పాఠకుడు పత్రికను కొట్లో గల్లాపెట్టె దగ్గర, ఇద్దరు ఖాతాదారుల మధ్య దొరికిన తీరికలో చదువుతాడు. దేశ ఆర్థిక వ్యవస్థకు చిన్న పరిశ్రమలే వెన్నెముక అంటూ మొదలయ్యే వ్యాసాన్ని అతడు రెండో వాక్యం దాకా కూడా చదవడు. నిజానికి సంపాదకుడూ చదవడని నా అనుమానం. అందుకని ఒక వ్యాసంలో ఒకే ప్రశ్న తీసుకోండి. అది మీ దగ్గరికి వచ్చిన కొనుగోలుదారో, లారీ యజమానో, పక్క యూనిట్ గుమాస్తానో నిజంగా అడిగినది అయి ఉండాలి.

మీ వృత్తిలోనే అటువంటి ప్రశ్న ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైట్ బ్లాకులపై, అంటే కోతకు ముందటి ముడి రాళ్లపై, జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మెరుగుపెట్టిన పలకలపై మాత్రం 18 శాతమే కొనసాగింది. 'బ్లాకు మీద పన్ను తగ్గింది గదా, పలక రేటు ఎందుకు తగ్గించరు?' అని కొనుగోలుదారు అడిగితే ఏమి చెప్పాలి? బ్లాకుపై కట్టిన పన్ను యూనిట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి, అంటే పలక అమ్మకంపై కట్టే పన్నులోంచి తగ్గింపుగా, వచ్చేదే కనుక అసలు ఖర్చు దాదాపు మారలేదనీ, బ్లాకు కొనేనాడు పెట్టవలసిన నగదు తగ్గి, పలక అమ్మిన తరువాత కట్టవలసిన నగదు పెరిగిందనీ ఒక ఊహాజనిత బిల్లు వేసి అంకెలతో చూపిస్తే చాలు, రెండు పేజీల వ్యాసం సిద్ధమవుతుంది. లక్ష రూపాయల బ్లాకుపై పన్ను 12,000 నుంచి 5,000కు దిగిందనే లెక్క పది వాక్యాల వివరణ కంటే సూటిగా తలకెక్కుతుంది. ఇటువంటి వ్యాసాన్ని ఒంగోలులో మీ వంటివారే రాయగలరు. హైదరాబాదు నుంచి వచ్చే పత్రికలకు బ్లాకుకూ పలకకూ మధ్య ఉన్న ఈ తేడాపై ఆసక్తి ఉండదు.

నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివినది అరువు బాకీల గురించిన వ్యాసం. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు అందాలని చట్టం చెబుతుందన్న మాట ఊరంతా తెలుసు, కానీ ఆ మాట సగమే నిజం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, గడువు గురించి రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే ఆ గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా చెల్లించాలి. రాత ఏదీ లేకపోతే 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే, సరుకు అందిన రోజే దానిని అంగీకరించిన రోజుగా లెక్కిస్తారు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. మన దగ్గర బేరాలు నోటిమాట మీదనే నడుస్తాయి కాబట్టి ఆ 15 రోజుల సంగతి చాలామందికి కొత్తగా అనిపించింది. అయితే వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ తీసుకున్నది ఒక చిన్న పేరా: సరుకు కొని అమ్మే టోకు, చిల్లర వర్తకులు 2021 నుంచి ఉద్యమ్ అనే ప్రభుత్వ జాబితాలో ఇటువంటి సంస్థగా నమోదు చేసుకోవచ్చు గానీ, వారికి దక్కేది ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక ఇవ్వవలసిన అప్పుల) ప్రయోజనమే, బాకీల గడువు రక్షణ కాదు. ఈ పేరా లేకుండా అచ్చయితే ట్రంకు రోడ్డులోని సగం దుకాణాలు లేని హక్కును నమ్ముకునేవి. కాబట్టి మీరు ఏ నిబంధన గురించి రాసినా, అది ఎవరికి వర్తించదో తప్పక చెప్పండి.

ఉదాహరణలకు పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు. ఒంగోలు ఎంత ఊరు గనుక? కర్నూలు రోడ్డులో ఫలానా సరుకు అమ్మే మూడంతస్తుల దుకాణం అంటే సాయంత్రానికల్లా అందరూ గుర్తుపట్టేస్తారు. బాకీ ఎగవేసినవారి కథ చెప్పాలంటే సరుకునూ, ఊరినీ కూడా మార్చండి. పలకల వ్యాపారాన్ని నెల్లూరు వైపు రొయ్యల మేత వ్యాపారంగా చూపితే విషయానికి ఏ లోటూ రాదు. మీ యజమానిగారి లెక్కలలోని అంకెలను ఆయన అనుమతి లేకుండా వాడవద్దని వేరే చెప్పనక్కరలేదు.

ప్రచారం సంగతికి వస్తే, వ్యాసం లోపల మీ యూనిట్ పేరు ఎత్తకపోవడమే మంచిది. వ్యాసం చివర మీ పేరు, వృత్తి, ఊరు ఒక్క వరుసలో వేయమని అడగండి. మా పత్రికలో తమ సరుకు గొప్పదనం రాసుకున్నవారిని పాఠకులు ప్రకటనదారులుగానే చూశారు. ఉపయోగపడే మాట రాసినవారికి మాత్రం ఫోన్లు వచ్చాయి. ఫోన్లు వచ్చినంత మాత్రాన బేరాలు వస్తాయని కాదు, నా వరకు వచ్చినవాటిలో ఎక్కువ ఉచిత సలహాల కోసమే.

పారితోషికం ఇటువంటి పత్రికల్లో సాధారణంగా నామమాత్రం, లేదా ఉండదు. మొదటి వ్యాసం ఇచ్చే ముందే నిస్సంకోచంగా అడిగి తెలుసుకోండి. దానికంటే నేను గట్టిగా పట్టుకోమనేది హక్కు విషయం. ఉద్యోగిగా కాక బయటి రచయితగా రాసినప్పుడు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం వ్యాసంపై మొదటి హక్కు మీదే. సంతకంతో కూడిన రాత లేకుండా అది పత్రికకు బదిలీ కాదు. మొదటిసారి అచ్చువేసుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నట్టు పంపేటప్పుడు ఒక వాక్యం రాస్తే తరువాత గొడవ ఉండదు.

అచ్చు పని గురించి కూడా ఒక మాట. మీరు ఫోన్‌లో టైపు చేసిన యూనికోడ్ తెలుగును డీటీపీ చేసేవారు తరచుగా 'అను' అనే పాత అచ్చు ఫాంట్లలోకి మారుస్తారు, ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. అక్షరం పోతే పాఠకుడు ఊహించుకుంటాడు, అంకె పోతే ఊహించుకోలేడు. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థకు పెట్టుబడి పరిమితి 2.5 కోట్లు, చిన్న సంస్థకు 25 కోట్లు. నడుమ చుక్క ఒకటి జారితే మొదటిది రెండోది అయిపోతుంది. అందువల్ల ప్రూఫు చూపించమని అడగండి, కనీసం అంకెలున్న పేరాలైనా చూడండి. నెలకొకసారి వచ్చే పత్రిక కనుక 11వ తేదీనో 20వ తేదీనో రిటర్ను వేయాలని గుర్తుచేసే వ్యాసాలు చేతికందేసరికి గడువు దాటిపోయి ఉండవచ్చు. గడువులను వదిలి, పద్ధతుల గురించి రాయండి.

మొదటి వ్యాసంగా ఆ బ్లాకు, పలకల పన్ను లెక్కనే పంపండి. పంపే ముందు లెక్కల పనితో సంబంధం లేని ఒక పలకల వ్యాపారి చేత చదివించి, ఆయన ఎక్కడ ఆగి మిమ్మల్ని ప్రశ్న అడిగారో అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.