ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం లేస్తూ పడుతూ, ఇంజిన్ వణుకుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత పెట్రోల్ ఇంజెక్షన్ కారు, న్యూట్రల్‌లో ఆర్‌పీఎం 800 నుంచి 1500 దాకా ఎగబాకి మళ్లీ పడిపోతోంది, ఏ సెన్సర్ మార్చాలి అని అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు దొంగగాలి, అంటే లెక్కలోకి రాకుండా లీకుల్లోంచి దూరే గాలి, ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోండి.

ఒక లయలో లేచి పడుతోందా, లేక అడ్డదిడ్డంగా కుదుపుతోందా? ఈ తేడా గమనించడం ముఖ్యం. అడ్డదిడ్డంగా ఉంటే ఏదో సిలిండర్ మిస్సింగ్ కొడుతున్నట్టు, అంటే అందులో పెట్రోల్ సరిగా మండట్లేదు. లయగా ఉంటే చాలాసార్లు జరిగేది ఇదీ: ఎక్కడో చిల్లులోంచి అదనపు గాలి చేరి ఆర్‌పీఎం పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, అయినా ఆర్‌పీఎం ఎక్కువుంది కాబట్టి బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడిపోగానే మళ్లీ ఇస్తుంది. అలా తిరుగుతూనే ఉంటుంది.

చల్లటి ఇంజిన్ మీద చూడండి. వేడెక్కితే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరి సన్నటి లీకు మూసుకుపోవచ్చు. వ్యాక్యూమ్ హోసులు (ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డ్‌కు కలిసే రబ్బరు గొట్టాలు) పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి. క్లిప్పు పక్కన కొస దగ్గర వేళ్లతో వంచితేనే పగులు నోరు తెరుస్తుంది. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపేది) దగ్గరి వంపు గొట్టాన్ని అడుగువైపు తడిమి చూడండి. ఆయిల్ నాని రబ్బరు మెత్తబడి చీలేది ఎక్కువగా అక్కడే. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా దవడలకు గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కో హోసూ నొక్కి పట్టండి. ఏది నొక్కితే ఆర్‌పీఎం కుదుటపడుతుందో లీకు ఆ దారిలోనే ఉంది. గాస్కెట్ అంచుల మీద సబ్బునీళ్లు చిమ్మినా శబ్దం మారుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్లున్నారు కానీ, వేడి సైలెన్సర్ పైపు పక్కన అది మంటలకు ఆహ్వానమే. బ్రేక్ తొక్కినప్పుడు ఐడ్లింగ్ మారి బుస్సుమంటే బ్రేక్ బూస్టర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగిందేమోనని అనుమానించండి. అది నేరుగా బ్రేకులకు సంబంధించింది, వాయిదా వేయకండి.

స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి లేదా తగ్గించి ఇస్తోందో, చూడండి. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంలో సున్నా దగ్గరికి వస్తే అది వ్యాక్యూమ్ లీకే. ఆర్‌పీఎంతో పాటు ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోల్ ప్రెషరో, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సరో చూడాలి. ఆ సెన్సర్‌కి దాని క్లీనరే వాడండి, కార్బ్ క్లీనర్ దాన్ని పాడు చేస్తుంది.

లీకు లేదని తేలాకే థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి ద్వారం) విప్పండి. రేకు అంచున నల్లటి మసి వలయం ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి, గీకొద్దు. ఐడ్లింగ్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వ్ దారి కూడా శుభ్రం చేయండి. రేకు ఎంతవరకు మూసుకోవాలో నిలిపే స్టాప్ స్క్రూ మాత్రం ముట్టుకోకండి. దాన్ని తిప్పి ఆర్‌పీఎం సరిచేస్తే అసలు లోపం దాగిపోతుంది, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టుకోలేరు. తుడిచాక ఏసీ, లైట్లు ఆపి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేయండి. కొన్ని బండ్లకు కంపెనీ చెప్పిన రీలెర్న్ పద్ధతి (కంప్యూటర్ ఐడ్లింగ్‌ను మళ్లీ నేర్చుకునే తీరు) వేరే ఉంటుంది.

కూలెంట్ తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కొన్ని పాత ఇంజిన్లలో ఐడిల్ వాల్వ్‌లోంచి కూలెంట్ పారుతుంది, అందులో గాలి చేరితే ఆర్‌పీఎం ఊగుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి.

మిస్సింగ్ అయితే ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకండి. ఏది పీకినప్పుడు ఐడ్లింగ్‌లో తేడా రాదో, లోపం ఆ సిలిండర్‌లోనే. ప్లగ్ వైరు పీకొద్దు, కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. ఆ సిలిండర్ ప్లగ్గును పక్కదాంతో మార్చి చూడండి. లోపం ప్లగ్గుతో పాటు పక్క సిలిండర్‌కి మారకపోతే, ఇంజెక్టర్ కూడా బాగుంటే, కంప్రెషన్ చూడాలి. ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500లో ఒకసారి ట్రిమ్ అంకెలు కింద రాయండి. అవి చూస్తే తర్వాత ఏం విప్పాలో చెప్పగలను.