గోడ బూజుకు ఇన్‌స్పెక్టర్‌ను పిలిచే ముందు

అలమారా వెనక, గోడ అడుగున నల్లమచ్చలు. గదిలో ముక్కిపోయిన వాసన. తుడిస్తే పోయి, నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయని రాశారు. ఇంట్లో బూజును, తడిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ను పిలవాలా, పిలిస్తే అర్హత ఉన్నవారెవరో ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న. ఇదే గోడ కథ మా ఇంట్లోనూ జరిగింది. నేను ఇద్దరిని పిలిపించాను. మొదటివారి వల్ల సమయం పోయింది, రెండోవారి వల్ల బుద్ధి వచ్చింది.

ముందు నా తప్పు చెబుతాను. సాలెగూటినీ బూజే అంటాం, చెమ్మకు గోడ పట్టేదాన్నీ బూజే అంటాం. రెండోదాన్ని కూడా మొదటిదానిలాగే చీపురుతో దులిపాను. అది శిలీంధ్రం. పొడిగా దులిపితే దాని సిద్ధబీజాలు, అంటే కొత్తచోట బూజు మొలిపించే కంటికి కనిపించని కణాలు, గదంతా లేస్తాయి. అది చాలదన్నట్టు పైన రంగు వేయించాను. రెండు నెలలకు రంగు పొక్కులు కట్టింది, పొక్కుల అంచుల్లోంచి మచ్చలు తొంగిచూశాయి.

అప్పుడు వచ్చారు మొదటి ఇన్‌స్పెక్టర్. తనిఖీ ఉచితమన్నారు, నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. గది మధ్యలో గాలి పీల్చే చిన్న పంపు 5 నిమిషాలు నడిపి, గోడను చేత్తో తాకనైనా తాకకుండా వెళ్లిపోయారు. తర్వాత నివేదిక వచ్చింది. నిండా శిలీంధ్రాల లాటిన్ పేర్లు, పక్కన గాలిలో వాటి సిద్ధబీజాలు ఎన్నో చెప్పే వేలల్లో అంకెలు, ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక. చివరి పేజీలో మాత్రం తెలిసిన భాష ఉంది: గోడ పగలగొట్టి శుభ్రం చేయడానికి వాళ్ల బృందమే తీసుకునే మొత్తం.

ఆ అంకెల గురించి తర్వాత కూర్చుని చదివాను. సిద్ధబీజాలు బయటి గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అదే రోజు బయట తీసిన నమూనాతో పోల్చకపోతే లోపలి అంకెకు అర్థం లేదు. మా నివేదికలో బయటి నమూనా లేనే లేదు. పోల్చినా, 5 నిమిషాల గాలి ఆ 5 నిమిషాల సంగతే చెబుతుంది. కిటికీ తెరిచినా, దుప్పటి విదిలించినా లెక్క మారిపోతుంది. పైగా ఇంత దాటితే ప్రమాదం అని గీత గీసే ప్రమాణమే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజులపై మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా అలాంటి అంకె పెట్టలేదు, చెమ్మ లేకుండా చూసుకోమంది. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు చాలావరకు నమూనాలు అక్కర్లేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మాట. మరి ఆ ఎర్ర అక్షరాలు దేన్నిబట్టి రాశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండో ఇన్‌స్పెక్టర్ వచ్చీరాగానే పరికరాల పెట్టె తెరవలేదు. అరగంట ప్రశ్నలే. మచ్చ మొదట ఎక్కడ కనిపించింది, గోడకు అవతల ఏముంది, వాసన ఏ వేళ ఎక్కువ, వాన పడితే పెరుగుతోందా. అవతల స్నానాలగది ఉంది. థర్మల్ కెమెరాలో గోడ అడుగు చల్లగా కనిపించింది. అది చూసి నేను 'దొరికింది' అన్నాను. ఆయన నవ్వి, ఈ కెమెరా చల్లదనాన్నే చూపుతుంది, తడిని చూపదు అన్నారు. తర్వాత తేమ మీటర్‌తో గోడమీద జానెడు జానెడు దూరంలో కొలుస్తూ పెన్సిల్‌తో అంకెలు వేశారు. కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. గోడలో లవణాలున్నా, వెనక లోహపు జాలీ ఉన్నా మీటర్ ఎక్కువే చూపిస్తుందట. అందుకని ఒక్క అంకెను నమ్మకుండా పొడిగా ఉన్న మరో గోడతో పోల్చారు.

నాకు నచ్చింది ఆ తర్వాతి పని. కుళాయిలన్నీ మూయించి నీటి మీటర్ ముందు కూర్చున్నారు. ముల్లు కదల్లేదు, అంటే నీళ్లొచ్చే పైపు కారడం లేదు. తర్వాత స్నానాలగదిలో నీళ్లు పోయే రంధ్రం మూసి, నేలమీద నీళ్లు నిలబెట్టారు. కొన్ని గంటల తర్వాత ఇవతలి గోడను మళ్లీ కొలిస్తే అడుగు అంకెలు పెరిగాయి. తడి టైళ్ల సందుల్లోంచి వస్తోంది. గోడ పగలగొట్టే పనే లేకపోయింది. నేల అతుకులు సరిచేయించి, గోడను ఆరబెట్టి, ఉబ్బిన కింది భాగం మాత్రం తీయించాం.

కాబట్టి ఎవరినైనా పిలిచేముందు ఫోనులోనే అడగండి: శుభ్రం చేసే పని కూడా మీదేనా? అవునంటే వద్దు. వ్యక్తి మంచివారే కావచ్చు, కానీ బూజు ఎంత పెద్దదైతే వారికి అంత లాభం. న్యూయార్క్ రాష్ట్రంలో తనిఖీ చేసినవారే ఆ ఇంట్లో శుభ్రం చేయకూడదని చట్టమే ఉంది. చట్టం లేనిచోట ఆ కట్టుబాటు మనం పెట్టుకోవాలి. నమూనాలు తీస్తారా అనీ అడగండి. తీస్తామంటే, దానివల్ల ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో చెప్పమనండి. 'అందరికీ తీస్తాం' అన్నది జవాబు కాదు. పేర్లు చెరిపిన పాత నివేదిక ఒకటి చూపమనండి. తడి ఎక్కడినుంచి వచ్చిందో అందులో లేకపోతే మిగతాది చదవనక్కర్లేదు.

ధ్రువపత్రాల విషయం కొంచెం తికమక. చాలాచోట్ల ఈ పనికి లైసెన్సే లేదు. కొన్ని గంటల పాఠం వినగానే చేతికొచ్చే పత్రాలూ ఉన్నాయి, పరీక్షతోపాటు ఏళ్ల అనుభవం చూపితేనే ఇచ్చేవీ ఉన్నాయి. పత్రం పేరుకన్నా, దాన్ని ఇవ్వడానికి ఏం అడిగారన్నది చూడండి. వృత్తిలో పొరపాటు జరిగితే వర్తించే బీమా ఉందో లేదో కూడా అడగండి. నల్లగా ఉంది కాబట్టి విషపు బూజు అని చూడగానే తేల్చేవారిని, మీ దగ్గుకు కారణం ఇదేనని రోగనిర్ణయం చేసేవారిని దూరం పెట్టండి. రంగు చూసి జాతి చెప్పలేం, దగ్గు సంగతి వైద్యులు చూస్తారు.

అసలు మీకు ఇన్‌స్పెక్టర్ కావాలా? మచ్చ 10 చదరపు అడుగులకు లోపు ఉండి, తడి ఎక్కడిదో తెలిస్తే చాలామంది సొంతంగానే శుభ్రం చేసుకోవచ్చు. మీది తుడిచినా తిరిగి వస్తోంది, కారణం తెలియడం లేదు. కాబట్టి పిలవండి. వారు వచ్చేదాకా తుడవకండి, రంగు వేయకండి, బ్లీచ్ చల్లకండి. మచ్చ ఆకారం కూడా వారికి ఒక ఆధారం. ఈలోగా ఫొటోలు తీసి తేదీ రాసిపెట్టుకోండి. మరమ్మతు అయ్యాక, మళ్లీ రంగు వేయకముందే అదే ఇన్‌స్పెక్టర్‌తో ఇంకోసారి గోడ కొలిపించండి. నేను ఆ రెండో రాకకు కూడా మొదటే మాట్లాడుకున్నాను.

అలమారాను ముందుకు జరిపి దాని వెనక చెక్కను కూడా చూపించండి. మా గోడ ఆరిన తర్వాత కూడా గదిలో వాసన పోలేదు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన అలమారాను తిప్పి చూస్తే, వెనకనున్న పలుచని చెక్క నిండా అదే బూజు.