టెక్సాస్‌లో ఇంటి రక్షణ కోసం 400 డాలర్లలో మొదటి పిస్టల్ ఏది కొనాలి?

ఈ మధ్యనే గ్రీన్‌కార్డు వచ్చిందనీ, పక్క వీధిలో దొంగలు పడ్డాక ఇంట్లో ఒక పిస్టల్ ఉంచుకోవాలనిపించిందనీ, 400 డాలర్లకు మించి పెట్టలేననీ, ఇంట్లో ఆరేళ్ళ పాప, హెచ్-1బి వీసా మీద ఉన్న బావమరిది కూడా ఉంటారనీ రాశారు. డాలస్ శివార్లలో ఉంటూ, గ్రీన్‌కార్డు వచ్చిన తరువాతే మొదటి పిస్టల్ కొన్నవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. ఆ డబ్బుకు నమ్మదగిన 9 ఎం.ఎం. (ఇది తూటా సైజు) పిస్టల్ తప్పక వస్తుంది, కానీ ఆ 400 మొత్తాన్నీ పిస్టల్‌కే ఖర్చు చేయడం నా దృష్టిలో సరైన పని కాదు.

ముందుగా మీ బావమరిది సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామంది పట్టించుకోనిది ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదు. కొనకపోతే చాలు కదా అనుకోవడానికి లేదు. పిస్టల్ ఉంచే పెట్టె తాళం అతని చేతికి అందితే అది కూడా అధీనంలో ఉన్నట్టేనని వాదించే అవకాశం ఉంది, ఆ మాట అతని ఇమ్మిగ్రేషన్ ఫైలు దాకా వెళ్తే తలనొప్పి చిన్నది కాదు. అందువల్ల పెట్టె తెరిచే కోడు అతనికి చెప్పవద్దు, సరదాకైనా రేంజ్‌కు (తుపాకీ పేల్చడం సాధన చేసే చోటుకు) తీసుకువెళ్ళి పిస్టల్ చేతికి ఇవ్వవద్దు, సందేహం ఉంటే ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. మీ విషయం తేలిక: 21 ఏళ్ళు నిండి ఉండాలి, షాపులో 4473 అనే ఫారం నింపాలి, వారు అక్కడికక్కడే నేపథ్య తనిఖీ చేస్తారు. టెక్సాస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ గానీ, ఎదురుచూడవలసిన గడువు గానీ లేదు.

ఇక ఎంపిక. కౌంటరు మీద అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్టళ్ళు ముచ్చటగా కనిపిస్తాయి, ధర కూడా తక్కువే. అవి జేబులో పెట్టుకు తిరిగేవారి కోసం చేసినవి; బరువు తక్కువ కావడం వల్ల పేల్చినప్పుడు చేతిని గట్టిగా తన్నుతాయి, గొట్టం పొట్టిది కావడం వల్ల గురి కుదరడం కష్టం, నాలుగు తూటాలు పేల్చేసరికి కొత్తవారు భయపడి సాధన మానేస్తారు. పొట్టి రివాల్వర్‌కు కూడా ఇదే లోపం ఉంది, పైగా దాని ట్రిగ్గర్ నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. ఇంట్లో ఉంచుకునేదానికి దాచవలసిన అవసరమే లేదు కనుక, 4 అంగుళాల గొట్టం, చేతి నిండా పట్టు ఉన్న మధ్యస్థమైన 9 ఎం.ఎం. తీసుకోండి. సాధనకు వాడే తూటాలు చవకగా, దాదాపు ఏ షాపులోనైనా దొరికే సైజు కూడా ఇదే.

టారస్ జి3, రూగర్ సెక్యూరిటీ-9, స్మిత్ అండ్ వెసన్ వారి ఎస్‌డి9 మీ బడ్జెట్‌లో చూడదగినవి. వీటిలో టారస్ సాధారణంగా 300 డాలర్ల లోపే దొరుకుతుంది. గ్లాక్ 19 పేరున్నదే, కొత్తది 500 దాటుతుంది, మొదటి పిస్టల్‌కు అంత ఖర్చు తప్పనిసరి అని నేను అనుకోను. పోలీసు శాఖలు మార్చేసిన పాత పిస్టళ్ళు కూడా చవకగా వస్తాయి, కానీ వాటిలో చాలా .40 అనే మరో తూటా సైజువి, ఎఫ్‌బీఐ 9 ఎం.ఎం.కు తిరిగి వెళ్ళాక అనేక శాఖలు అదే దారి పట్టి వాటిని అమ్మేశాయి. పిస్టల్ మంచిదే అయినా పేల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ ఎక్కువ, తూటా ఖరీదు ఎక్కువ, కొత్తవారికి వద్దంటాను.

ఏది కొన్నా ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని పేల్చి చూడండి. మీ భార్యకు కూడా గ్రీన్‌కార్డు వచ్చి ఉంటే ఆమెనూ తీసుకువెళ్ళి స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక్కి లాగమనండి. మా ఇంట్లో చివరి నిర్ణయం దాని మీదే జరిగింది: నాకు నచ్చిన పిస్టల్ స్లైడ్ ఆమె లాగలేకపోయింది, ఆమె సునాయాసంగా లాగగలిగినదే కొన్నాం.

మిగిలిన డబ్బులో మొదటి వాటా తాళం పెట్టెది. పిస్టల్‌తో పాటు షాపువారు ఇచ్చే కేబుల్ తాళం పాప చేతికి చిక్కినా పేలకుండా ఆపుతుంది గానీ, అర్ధరాత్రి చీకట్లో దాన్ని విప్పడం అయ్యే పని కాదు. మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెను మంచం పక్కన మరలతో బిగించండి. వేలిముద్రతో తెరుచుకునేవి చెయ్యి తడిగా ఉంటే మొరాయిస్తాయి కనుక నాకు వాటి మీద నమ్మకం లేదు. 17 ఏళ్ళ లోపు పిల్లలకు పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చట్టం సంగతి అటుంచితే, అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే; ఇంట్లో ఎవరైనా మానసికంగా కుంగి ఉన్న కాలంలో పిస్టల్ కొనడం వాయిదా వేయమని నేను గట్టిగా చెబుతాను.

తరువాతి వాటా చెవి, కంటి రక్షణకు, ఒక పూట ప్రాథమిక తరగతికి, సాధన తూటాలకు. ఇంట్లో నింపి ఉంచే తూటాలు మాత్రం హాలో పాయింట్ రకం (మొన బోలుగా ఉండి, తగిలినప్పుడు విచ్చుకునేవి) కావాలి. మన ఇక్కడి ఇళ్ళ గోడలు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం పలకలే. మామూలు తూటా పాప గది దాకా సులువుగా దూసుకుపోతుంది. హాలో పాయింట్ కొంత నయమే గానీ, గురి తప్పితే అదీ గోడ దాటుతుంది. కాబట్టి పాప గది ఎటు ఉందో, మీరు ఎక్కడ నిలబడాలో పగటిపూటే చూసుకోండి. ఇవన్నీ కలిపితే 400 సరిపోవు, 600 దగ్గరికి వస్తుంది. రెండు నెలలు ఆగి కొనడం మేలు.

ఈలోగా బంగారం బ్యాంకు లాకర్‌కు చేర్చండి. మన ఇళ్ళకు వచ్చే దొంగలు వెతికేది దాన్నే, వచ్చేది ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే, అప్పుడు మీ పిస్టల్ కాపాడేది ఏమీ ఉండదు సరికదా దాన్నే ఎత్తుకుపోతారు.

ఇంకొక సంగతి: రేంజ్‌కు వాడే సంచిని ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడకండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో బయటపడినా ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది.